రౌటర్‌ను తిట్టే ముందు ఒక వారం నోటుపుస్తకం

మా అపార్ట్‌మెంట్‌లో నెట్ ఆగిపోతే జనం కంపెనీ కంటే ముందు నాకు ఫోను చేస్తారు. నేనేమీ ఆ కంపెనీ ఉద్యోగిని కాదు. ఎప్పుడో మూడో అంతస్తు వాళ్ల రౌటర్ బాగుచేసిన పాపానికి ఆ పని నా మెడకు చుట్టుకుంది. "ఇది పాడైపోయింది, కొత్తది ఏది కొనమంటారు?" అని అడిగిన ఇళ్లలో నిజంగా రౌటరే పాడైనవి తక్కువ. చాలాచోట్ల దోషం దానికి కాస్త అటో ఇటో ఉంటుంది: గోడకు వేలాడే అడాప్టర్‌లోనో, వీధి స్తంభం మీది తీగలోనో, బీరువా పక్కన పెట్టిన తీరులోనో. ఈ విషయంలో నేనూ తక్కువ తినలేదు. ఒకే ఏడాదిలో రెండు రౌటర్లు కొన్నాను, రెండూ నిర్దోషులే. ఆ కథ కరెంటు దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

కొత్తది కొందామని అమ్మకాల సైటు తెరిస్తే అక్కడ ఇంకో తలనొప్పి. ఒకే రౌటర్‌కు ఒకరు ఐదు నక్షత్రాలిచ్చి "మూడేళ్లుగా ఒక్కసారీ ఆగలేదు" అంటారు. ఆ కిందనే మరొకరు ఒక్క నక్షత్రమిచ్చి "డబ్బు దండగ" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు, ఎందుకంటే ఇద్దరి ఇళ్లూ, కరెంటూ, లైనూ వేరు. మీ ఇంటి సంగతి మీకు తెలిస్తే తప్ప ఎవరి మాట మీకు వర్తిస్తుందో తేలదు. కాబట్టి ముందు మన ఇల్లు చూసుకుందాం, ఊరివాళ్ల అనుభవాలు తర్వాత.

మొదటి పని: రాయండి

రౌటర్ పక్కన ఒక పాత నోటుపుస్తకం, పెన్ను పెట్టండి. నెట్ ఆగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయాలి. ఎన్ని గంటలకు ఆగింది, ఎన్ని నిమిషాలు ఆగింది, ఆ సమయంలో పెట్టె మీద ఏ లైట్లు వెలిగాయి, అన్ని ఫోన్లలోనూ ఆగిందా ఒక్కదానిలోనేనా. ఆ సమయానికి కరెంటు పోయి వచ్చిందా, వాన పడుతోందా, వంటింట్లో మైక్రోవేవ్ నడుస్తోందా అన్నది కూడా ఒక ముక్క రాస్తే మరీ మంచిది.

"రోజంతా పోతూనే ఉంటుంది" అని చెప్పిన ఒక పెద్దాయన చేత ఇలా రాయించాను. వారం తర్వాత చూస్తే మొత్తం తొమ్మిది సార్లు, అందులో ఏడు సార్లు రాత్రి ఏడు, తొమ్మిది గంటల మధ్య. కోపంలో ఉన్న మనిషి జ్ఞాపకానికి లెక్క రాదు, కాగితానికి వస్తుంది. పైగా రేపు కంపెనీతో మాట్లాడేటప్పుడు "ఎప్పుడూ పోతోంది" అనే మాట కంటే తేదీలు, సమయాలు ఉన్న ఆ పేజీకి విలువ ఎక్కువ.

లైట్లు చదవడం

ఫైబర్ కనెక్షన్ అయితే ఇంట్లో ఒకటో రెండో పెట్టెలుంటాయి. తీగ వచ్చి చేరేది ఫైబర్ మోడెం, వైఫై ఇచ్చేది రౌటర్. ఈ మధ్య రెండూ ఒకే పెట్టెలో వస్తున్నాయి. మోడెం మీద పాన్ (PON) అనే లైటు నిలకడగా వెలగాలి. లాస్ (LOS) అనే లైటు ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా బయటి నుంచి కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఇరవై సార్లు ఆపి వేసినా లాభం లేదు. ఎర్ర లైటును ఫోటో తీసి, ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరును నోటుపుస్తకంలో రాసుకోండి.

లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి, మళ్లీ ఒకటొకటిగా వెలిగితే పెట్టె తనంతట తాను ఆగి మొదలైందన్నమాట. అది కరెంటు కథ.

కరెంటు: మన ఇళ్లలో అసలు ముద్దాయి

ఇక్కడ తొందరపడకండి. నేను చూసిన కేసుల్లో సగానికి పైగా ఇక్కడే తేలాయి.

అడాప్టర్‌ను ముందు అనుమానించాలి. దాని లోపల కెపాసిటర్లు ఉంటాయి. వేడికి ఏళ్ల తరబడి ఎండిపోయి బలహీనపడతాయి. రౌటర్ ఖాళీగా ఉన్నప్పుడు సరిపడా కరెంటు ఇస్తాయి, ఇంట్లో నలుగురూ వీడియోలు పెట్టగానే చేతులెత్తేస్తాయి. పెట్టె ఆగి మళ్లీ మొదలవుతుంది. చూసేవాళ్లకు రౌటర్ లోడు మోయలేకపోతోందని అనిపిస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే వోల్టేజీ సరిగ్గానే కనిపించి మోసం చేయవచ్చు, ఎందుకంటే అప్పుడు దాని మీద బరువు లేదు. నమ్మదగిన పరీక్ష ఒక్కటే: అదే కొలతలున్న మరో అడాప్టర్‌ను రెండు రోజులు అరువు తెచ్చి పెట్టడం. కొలతలంటే అడాప్టర్ మీద ముద్రించినవి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉన్నా పరవాలేదు. పిన్ను లోపలి వైపు ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ కూడా కలవాలి. సెట్‌టాప్ బాక్సుది సరిగ్గా దూరింది కదా అని పెట్టేయకండి.

ఆ తర్వాత ప్లగ్ బోర్డు. వదులైన సాకెట్, టీవీ వెనక దుమ్ము పట్టిన ఎక్స్‌టెన్షన్ పెట్టె, వాటికి రౌటర్‌ను తగిలించకండి. నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టండి.

ఇప్పుడు నా కథ. మా ఇంట్లో సాయంత్రం ఏడు దాటితే నెట్ మూడు నిమిషాలు పోయేది, వచ్చేది, మళ్లీ పోయేది. రౌటర్ మార్చాను. పది రోజులకు అదే తంతు. ఖరీదైనది కొన్నాను. అదీ అంతే. ఒక రోజు హాల్లో కూర్చుని ఉండగా ఇన్వర్టర్ 'టక్' మన్న శబ్దం, ఆ వెంటనే రౌటర్ లైట్లు ఆరడం రెండూ ఒకేసారి గమనించాను. సాయంత్రం అందరూ ఏసీలు వేసేసరికి వోల్టేజీ పడిపోయి, ఇన్వర్టర్ బ్యాటరీకి మారుతోంది. ఫ్యాను, ట్యూబులైటు ఆ క్షణపు విరామాన్ని పట్టించుకోవు. రౌటర్ పట్టించుకుంటుంది. తిరిగి లేచి, లైను కలుపుకొని, వైఫై ఇవ్వడానికి దానికి మూడు నిమిషాలు పడుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, అది వేస్తే మార్పు త్వరగా జరుగుతుంది. నేను మాత్రం రౌటర్ల కోసమే అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ తెచ్చి పెట్టాను. మోడెం, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ పెట్టాలి, ఒక్కదానికి పెడితే రెండోది ఆగిపోతుంది. రెండు రౌటర్ల ధర ముందు అది ఏ మూలకు?

వేడి కూడా ఇందులో భాగమే. ఇళ్లలో వాడే రౌటర్లు ఎక్కువ భాగం 40 డిగ్రీల వరకు ఉన్న గదికి తయారైనవి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో తలుపు మూసిన టీవీ అల్మారాలో, సెట్‌టాప్ బాక్సు నెత్తిన పెట్టి, పైన లేసు గుడ్డ కప్పితే దాని గతి ఏమిటో ఊహించండి. గుడ్డ తీయండి. గాలాడే చోట పెట్టండి. వేసవి మధ్యాహ్నాలే నోటుపుస్తకంలో ఎక్కువగా కనిపిస్తుంటే ఒక రోజు టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి చూడండి, జవాబు దొరుకుతుంది.

బయటి లైను

మన వీధుల్లో ఫైబర్ తీగలు చాలావరకు స్తంభాల మీదనే నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా విద్యుత్ స్తంభాల మీదుగానే ఊళ్లకు చేరింది. కాబట్టి కోతులు ఊగినా, కొమ్మలు నరికినా, సంక్రాంతికి చిక్కుకున్న గాలిపటాన్ని పిల్లలు లాగినా లైనుకు దెబ్బ తగలవచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, నగరంలో స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించారు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో పాపం రౌటర్లు తిట్లు తిన్నాయో!

మీరు చూడగలిగింది ఒకటుంది. బ్రౌజర్‌లో మోడెం చిరునామా కొట్టి తెరిచే పేజీలో, అందుతున్న కాంతి బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 27కు చేరువైతే లైను అంచు మీద నడుస్తున్నట్టే. 3 తగ్గిందంటే, అంటే మైనస్ 20 కాస్తా మైనస్ 23 అయితే, కాంతి సగమైందని లెక్క. ఇంట్లో పసుపు రంగు సన్నని తీగను మేకుకు చుట్టి ఉంచినా, తలుపు సందులో నలిగినా ఇదే జరుగుతుంది. దాన్ని అరచేతి వెడల్పుకు తగ్గకుండా గుండ్రంగా చుట్టి వదిలేయండి. తీగ ఊడదీసి దాని కొసలోకి కన్ను పెట్టి చూడటం మాత్రం ఎప్పుడూ చేయకండి. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు, కంటిని పాడుచేయగలదు.

వైఫై పోయిందా, నెట్ పోయిందా?

జనం ఈ రెండింటినీ ఒకే మాటతో చెబుతారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. విడదీయడానికి ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదానిలో రౌటర్ చిరునామాకు, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1కు, పింగ్ పెట్టండి, అంటే జవాబు వస్తోందా అని పలకరించే కమాండ్ ఇవ్వండి. రెండోదానిలో ఇంటి బయట ఉండే గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8కు పెట్టండి. విండోస్‌లో ఆగకుండా నడవాలంటే చివర హైఫన్, టి అక్షరం (-t) చేర్చాలి. రెండింటినీ అలా నడవనిచ్చి మీ పని చేసుకోండి.

నెట్ ఆగిన క్షణాన రెండు విండోలూ చూడండి. రౌటర్ నుంచే జవాబు ఆగితే దోషం ఇంట్లోనే ఉంది. అప్పుడు ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలిపి చూడండి. తీగతో బాగుంటే వైఫైది తప్పు, తీగతో కూడా ఆగితే రౌటర్‌నో దాని కరెంటునో అనుమానించాలి. రౌటర్ జవాబిస్తూనే 8.8.8.8 ఆగితే తప్పు మోడెం నుంచి బయటి వైపు ఉంది, కంపెనీతో మాట్లాడాలి. రెండూ జవాబిస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా. రౌటర్ అమరికల్లో డీఎన్ఎస్‌ను 8.8.8.8కో 1.1.1.1కో మార్చి చూడండి.

నాలుగోది కాస్త దొంగది. ఫోనులో ఫోటోలన్నీ క్లౌడ్‌కు ఎక్కుతున్నప్పుడు వీడియో కాల్ ముక్కలుముక్కలవుతుంది. పింగ్ ఆగదు, పది మిల్లీసెకన్లు ఉండేది ఐదారు వందలకు పెరుగుతుంది. రౌటర్ లోపల డేటా క్యూ కట్టి నిలబడిపోవడమే దీనికి కారణం. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ఎంత వేగం అన్నది పంచే) అమరిక ఉంటే అప్‌లోడ్‌ను మీ ప్లాన్ కంటే కాస్త తక్కువకు కట్టేయండి.

ఇంకొక చిన్న ఆధారం. మీ ప్లాన్ 200 ఎంబీపీఎస్ అయి ఉండి, తీగతో చూసినా ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగుతోందా? అయితే ఆ రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి కావచ్చు, లేదా తీగలోని నాలుగు జతల్లో ఒకటి తెగి ఉండవచ్చు. ముందు తీగ మార్చండి, అది చవక.

చోటు, చానెల్

ఉక్కు బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టి వైఫైకి అడ్డుగోడలు. ఇంటి మధ్యలో, నేల నుంచి మనిషి ఎత్తులో పెట్టండి. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు తరంగ పట్టీల మీద నడుస్తుంది. 2.4లో ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. అపార్ట్‌మెంట్‌లో అందరూ వాటి మీదనే ఉంటారు. మైక్రోవేవ్ కూడా ఆ దరిదాపుల్లోనే పనిచేస్తుంది, అందుకే వేడిచేసే రెండు నిమిషాలు వంటింటి పక్క గదిలో నెట్ నత్తనడక నడుస్తుంది. దగ్గరగా ఉండే టీవీ, ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చేస్తే సగం గొడవ తీరుతుంది. ఇక్కడ ఇంతకంటే తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఆపి వేయడం వేరు, సూదితో నొక్కడం వేరు

స్విచ్ ఆపి, ముప్పై సెకన్లు ఆగి వేయడం నిరపాయం. వెనక చిన్న రంధ్రంలో సూది పెట్టి నొక్కితే మాత్రం లోపల రాసుకున్నదంతా చెరిగిపోతుంది. మీ కేబుల్ ఆపరేటర్ ఎక్కించిన యూజర్ పేరు, పాస్‌వర్డు దానితోపాటే పోతాయి. ఆదివారం మధ్యాహ్నం ఆ పని చేసి, సోమవారం దాకా ఆపరేటర్ కోసం ఎదురుచూసిన ఇళ్లు నాకు తెలుసు. ఆ వివరాలు ముందే అడిగి నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

ఫర్మ్‌వేర్, అంటే రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్, కొత్తది వస్తే ఎక్కించండి, కానీ తయారీ కంపెనీ సైటు నుంచే తెచ్చుకోండి, మీ రౌటర్ వెర్షన్‌కు సరిపోయినదే వాడండి, కరెంటు పోని సమయం చూసుకోండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే హానికర ప్రోగ్రాం 54 దేశాల్లో దాదాపు 5 లక్షల పరికరాలకు సోకినప్పుడు, రౌటర్లను ఒకసారి ఆపి వేయమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రజలకు చెప్పాల్సి వచ్చింది. మీ రౌటర్‌కు కంపెనీ ఇక ఫర్మ్‌వేర్ ఇవ్వడం లేదంటే, అది ఎంత చక్కగా నడుస్తున్నా మార్చడానికి అదొక న్యాయమైన కారణం.

ఇప్పుడు ఇతరుల అనుభవాలు చదవండి

పైవన్నీ చూసి, దోషం రౌటర్‌దేనని తేలితేనే ఇక్కడికి రండి. సగటు నక్షత్రాల లెక్క చూడకండి. అందులో "పెట్టె నలిగి వచ్చింది", "డెలివరీ అబ్బాయి మర్యాదస్తుడు" అన్నవి కూడా కలిసి ఉంటాయి. కొన్న వారానికి రాసినవి వేగం గురించి చెప్పగలవేమో, నిలకడ గురించి చెప్పలేవు. "ఏడాది తర్వాత మళ్లీ రాస్తున్నాను" అన్నవాళ్లను వెతకండి. రెండు, మూడు నక్షత్రాలిచ్చినవాళ్లు సాధారణంగా ఓపికగా వివరిస్తారు, నేను వాళ్లతో మొదలుపెడతాను. మన దేశంలో ఆన్‌లైన్ సమీక్షల సేకరణకు, ప్రచురణకు ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం ఉంది. అది స్వచ్ఛందమే. కాబట్టి జల్లెడ మన చేతిలో ఉంచుకోవడం మంచిది.

జల్లెడ పట్టే తీరు ఇది. పదిమంది పది రకాల బాధలు చెబితే అవి పది ఇళ్ల బాధలు. పదిమంది ఒకే బాధను, ఒకే లక్షణాలతో చెబితే అది రౌటర్ బాధ. "2.4 పోతుంది కానీ 5 ఉంటుంది, ఆపి వేస్తే వస్తుంది" అని వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు రాశారంటే దాన్ని నమ్మండి. అందరూ ఒకే వారంలో గగ్గోలు పెట్టి ఉంటే అది వేరే సంగతి. చెడ్డ ఫర్మ్‌వేరో, దాడో అయి ఉంటుంది. 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికాం వినియోగదారుల్లో దాదాపు 9 లక్షల మందికి ఒకేసారి నెట్ పోయింది. అన్ని రౌటర్లు ఒకే రోజు ముసలివైపోవు కదా, రౌటర్లను వశం చేసుకోవాలని చూసిన దాడి వల్ల జరిగిందది.

పేరు ఒకటే అయినా లోపల సరుకు మారవచ్చు. లింక్‌సిస్ సంస్థ 2002 చివర తెచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ ఎంతో పేరు తెచ్చుకుంది. 2005లో అదే పేరుతో వచ్చిన ఐదో వెర్షన్‌లో మెమరీని 16 మెగాబైట్ల నుంచి 8కి, ఫర్మ్‌వేర్ దాచుకునే ఫ్లాష్‌ను 4 నుంచి 2కి తగ్గించి, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చేశారు. పాతదాని పొగడ్తలు చదివి కొన్నవాళ్ల చేతికి కొత్తది వచ్చింది. గిరాకీ చూసి పాత తరహాదాన్ని జీఎల్ అనే మరో పేరుతో అమ్మాల్సి వచ్చింది. అందుకే మీరు చదివే అనుభవం ఏ వెర్షన్‌ది, ఏ సంవత్సరానిది అని చూడండి. మీ చేతికొచ్చిన పెట్టె అడుగున చీటీ మీద వెర్షన్ రాసి ఉంటుంది.

ఇంటి రకం కూడా లెక్కలోకి వస్తుంది. డాలస్‌లో ఉండే మా తమ్ముడు "ఒక్క రౌటర్ రెండంతస్తులకూ సరిపోయింది" అని ఒకటి సిఫారసు చేశాడు. వాడి ఇంటి గోడలు చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి. మావి ఇటుక గోడలు, ఇనుప చువ్వల స్లాబు. రేంజి గురించి వాడి అనుభవం ఇక్కడ చెల్లలేదు, నిలకడ గురించి చెప్పింది చెల్లింది. అట్ట మీది అంకెలతో కూడా జాగ్రత్త. "1200" అని ఉంటే అది 2.4 పట్టీలోని 300 వేగాన్ని, 5 పట్టీలోని 867ని కలిపి గుండ్రంగా చేసిన మాట. ఏ ఒక్క ఫోనుకూ అంత రాదు.

కొన్నాక

డబ్బా, బిల్లు పారేయకండి. పాత రౌటర్‌ను కూడా వెంటనే ఇచ్చేయకండి. కొందరు ఆపరేటర్లు పాత రౌటర్ మ్యాక్ చిరునామాకు, అంటే ఆ పరికరానికి తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్యకు, లైనును ముడివేస్తారు. కొత్తది పెట్టగానే నెట్ రాకపోతే దాన్ని తిట్టి వెనక్కి పంపకుండా, ముందు ఆపరేటర్‌కు ఫోను చేసి కొత్త చిరునామా చెప్పండి.

తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి మళ్లీ ఒక వారం రాయండి. పాత పేజీలో ఉన్న సమయాలే మళ్లీ వస్తున్నాయా? అయితే డబ్బు వెనక్కి తెచ్చుకుని, ఆ రెండు పేజీలూ కంపెనీకి పంపండి. ఫిర్యాదుల కేంద్రంలో పని కాకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు. వారంటీ దగ్గర అమ్మినవాళ్లు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. వారంటీ అడాప్టర్‌కు కూడా ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. అడాప్టర్ మీద ఒక చిన్న చీటీ అంటించి కొన్న తేదీ రాయండి, నాలుగేళ్ల తర్వాత అక్కరకొస్తుంది.

సరిగ్గా ఏడాది తర్వాత మీ అనుభవం మీరూ రాయండి. వెర్షన్ ఏది, ఇంట్లో ఎన్ని ఫోన్లు, టీవీలు దానికి కలిశాయి, గోడలు ఎలాంటివి, యూపీఎస్ ఉందా, ఎన్నిసార్లు ఆగింది అన్న ఐదు వివరాలు చాలు. నక్షత్రాలు మీ ఇష్టం.